ఎడమ చెయ్యి

మేఘన డాడీ,

వాకింగ్ నుంచి రాంగనే టిఫిన్ తినుండ్రి. హాట్‌బాక్స్‌ల ఇడ్లీలు పెట్టిన. ఇయ్యాల డంబెల్ జోలికి పోకుండ్రి. ఎడమ చెయ్యి గుంజుతుందని రాత్రంత మీరు పండలే, నన్ను పండనియ్యలే. యాభై దాటినంక కండలు పెంచుడు షురూ చేస్తే గట్లనే పట్టేస్తది. ఫ్రిజ్ మీద బామ్ ఉన్నది, రాసుకోండ్రి. నేను స్కూల్‌కు పోతున్న.

ఊర్మిళ

బామ్ వద్దు. చెప్పులు తొడుక్కుంటుంటే యాదికొచ్చింది. మీరు ఎడమ చేత్తో ఫోన్ పట్టుకొని, జిమ్ వీడియో చూసుకుంట, కుడి చేత్తోనే కదా డంబెల్ ఎత్తేది! మరి ఎడమ చెయ్యి ఎందుకు గుంజాలె? ఫోన్ సుత ఇంట్లనే పెట్టి పోయిండ్రు. స్కూల్‌కు పోతలేను. మిమ్మల్ని ఎతుక్కుంట పరేడ్ గ్రౌండ్ దిక్కు వస్తున్న. మీరే ముందొస్తే కదలకుండ కూసోండ్రి. తలుపుకు మాత్రం గొళ్లెం పెట్టకుండ్రి.