పచ్చగా ఉన్నవే కోశాను

నాన్నా, నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు.

ఇవాళ మా ల్యాబుకి ఒక రైతు పరీక్ష కోసం నిగనిగలాడే నిమ్మాకులే ఏరి తెచ్చాడు. "జబ్బు దాచిపెట్టి మందు అడిగితే ఎలాగండీ?" అని అందరి ముందూ కసిరాను. ఆయన తల వంచుకుని, "తోట పరువు పోకూడదనమ్మా" అన్నాడు. సెలవులకొచ్చినప్పుడు మన తోటలో నేను చేసిందీ అదే. మా ఆఫీసు వాళ్ల ముందు నీ చెట్లు చిన్నబోకూడదని మంచి ఆకులే కోశాను.

ఏ లోపమూ లేదని నేను పంపిన పరీక్ష కాగితం చింపెయ్. దాన్ని నమ్మి ఎరువు మానేశావా? ఈసారి అన్ని చెట్ల ఆకులూ కాగితం సంచిలో పంపు. చివరి వరస పాలిపోయిందని అమ్మ అప్పుడే చెప్పింది. "నీకేం తెలుసు" అన్నాను.

అమ్మకి దగ్గు తగ్గిందా? ఆకులు మాత్రం తననే కొయ్యమను. ఏవి కొయ్యాలో తనకే తెలుసు.

ఇద్దరికీ దండాలతో,
మీ చిన్నది