బండి ఉండాలంటే టికెట్టు కొనాలక్కా

సింధనూరు దగ్గర మా క్యాంపు నుంచి

అక్కయ్యకి, చెల్లెలు సుశీల నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ మరిదిగారూ కులాసా. వేమూరులో నువ్వూ, బావగారూ, అమ్మా, మీ అమ్మాయి పద్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో కిందటిసారి రాయనే లేదు. ఈసారి తప్పకుండా రాయి.

కాలవ నీళ్లు ఆలస్యంగా వచ్చినా నాట్లు అయిపోయాయి. జొన్నరొట్టె చెయ్యడం నాకు వచ్చేసింది, తినడమే ఇంకా రాలేదు. సాయంత్రం చేలగట్టున నిలబడితే అచ్చం మన ఊరే అనిపిస్తుంది. రైలు కూత ఒక్కటే వినపడదు. ఆ ఒక్కదానికే ఏడుపొస్తుంది.

పొద్దున తెనాలి వెళ్లే బండి తీసేస్తారని ఊళ్లో అనుకుంటున్నారనీ, అదే జరిగితే పద్మని కాలేజీ మాన్పిస్తానని బావగారు అన్నారనీ రాశావు. చివర "మనం చేసేదేముంది" అన్నావు. అక్కడ నాకు కోపం వచ్చింది. చేసేది ఉంది. ఈ రెండు నెలలూ మేం ఏం చేశామో విను.

మా క్యాంపు దగ్గర బస్సు ఆగదు. ఆపమని అందరం సంతకాలు పెట్టి సింధనూరు బస్సు ఆఫీసులో అర్జీ ఇచ్చాం. క్యాంపంతా ఇక్కడికి సేద్యానికొచ్చిన గుంటూరు జిల్లా వాళ్లమే కదా, ముత్యాల్లాంటి తెలుగులో రాశాం. ఆ ఆఫీసులో తెలుగు చదివేవాళ్లే లేరట. పక్క ఊరి బడి మేష్టారి దగ్గరికి వెళ్తే ఆయన నవ్వి, కన్నడంలో రాసిచ్చారు. ఆయనకి తెలుగు బాగానే వచ్చు.

"ఇంతమందిమి సంతకాలు పెట్టాం, ఇంకేం కావాలండి?" అన్నాడు సాంబయ్య బాబాయి. మా క్యాంపుకి పెద్ద ఆయనే.

"సంతకాలు సరేనండి. మీరంతా ట్రాక్టర్లెక్కి బజారుకి పోతారు. బస్సెక్కే మనుషులు ఇక్కడున్నారని వాళ్లకెట్లా తెలుస్తుంది?" అన్నారు మేష్టారు.

ఆ మాట అందరికీ తగిలింది. నెల రోజులు ట్రాక్టరు ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాం. పక్క ఊరి దాకా నడిచి, అక్కడ బస్సెక్కి, ప్రతి ఒక్కరం టికెట్టు తీసుకున్నాం. ఆడవాళ్లం ఆ టికెట్లన్నీ పోగుచేసి, అన్నం మెతుకులతో కాగితాలకి అంటించాం. ఆ కట్ట అర్జీకి జతచేసి, పదిమందిమి వెళ్లి ఇచ్చాం. ఆఫీసరు చాలాసేపు తిరగేశాడు. కిందటి సోమవారం నుంచి బస్సు ఆగుతోంది.

ఇప్పుడు మన బండి సంగతి. అది కిటకిటలాడుతూ వెళ్తుందని మనకి తెలుసు, టికెట్లు తెగక రైల్వేవాళ్ల లెక్కల్లో మాత్రం ఖాళీగా ఉంటుంది. మనం మాత్రం తక్కువ చేశామా? నేను కాలేజీకి, నువ్వు కుట్టు నేర్చుకోవడానికి వెళ్లిన రోజుల్లో, తెనాలిలో గేటు దగ్గర టీసీ కనపడితే రెండోవైపు దిగి పట్టాల మీదుగా పారిపోలేదూ? జంపనిలో ఎక్కే పాలమ్మే ఆవిడ మనకి కాపలా కాసేది. నీ చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరిగెత్తావు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. కానీ ఆ బండిని ఖాళీగా చూపించినవాళ్లలో మనమూ ఉన్నామక్కా.

అందుకని ముందు పాలవాళ్లకీ, కూరగాయలవాళ్లకీ, కాలేజీ పిల్లలకీ చెప్పు. అందరూ టికెట్టు కొనాలి. ఒక నెల పోయాక అర్జీ రాసి, ఎవరు ఏ పనికి వెళ్తారో సంతకం పక్కనే రాయించండి. వేమూరులోనే కాదు, రేపల్లె దాకా ప్రతి స్టేషన్లోనూ పెట్టించండి. పోస్టులో వెయ్యకండి, పదిమంది కలిసి రైల్వే ఆఫీసుకి తీసుకెళ్లండి. ఆడవాళ్లు ముందుండాలి.

నువ్వు నలుగురిలో మాట్లాడలేవని తెలుసు. అయినా అడుగుతున్నాను. బండి వేళ మార్చడంతో ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోందని నాన్న నన్ను ఇంటర్ మధ్యలో మాన్పించినప్పుడు నువ్వు తలుపు పక్కనే ఉన్నావు. ఏమీ అనలేదు. నేను నీమీద కోపం పెట్టుకోలేదు, నీకూ అప్పుడు భయమే. కానీ ఆ రోజు ఎవరో ఒకరు నాన్నని అడుగుతారని రాత్రి దాకా ఎదురుచూశాను. పద్మ కూడా ఇప్పుడు నీ మొహం చూస్తూనే ఉంటుంది.

అమ్మకీ, బావగారికీ నా నమస్కారాలు. పద్మకి ముద్దులు. మమ్మల్ని దీవించు. అర్జీలో మొదటి సంతకం నువ్వు పెట్టావని జవాబు రాయి, ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు.

నీ చెల్లెలు
సుశీల