బ్రైనా అత్తను బయటికి పంపిన పఠనం

జెరూసలేం,
జూన్ 19, ఆదివారం

చిరంజీవి నఫ్తాలికి నానమ్మ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ పెళ్లి జూలై పందొమ్మిదిన. నీ మేనత్త బ్రైనా శుక్రవారం విందుకు పెళ్లికూతురు సోలికా వాళ్లింటికి వెళ్లివచ్చి, ఆ ఇంటి గురించి కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది. మొరాకో వాళ్లట. చేపల పులుసులో పదకొండు ఎండుమిరపకాయలట. బల్ల చుట్టూ నలభై మంది, ఒక్కొక్కడూ తాటిచెట్టంత, అందరూ తన రెండు బుగ్గలూ ముద్దాడారట. ఆ ఇంటి పిల్లను చేసుకుంటే పెళ్లికే రానంటోంది. తల్లిదండ్రులు లేని నిన్ను పెంచింది ఆమే. మండపం కింద నీ పక్కన నిలబడాల్సిందీ ఆమే. ఏం చేయమంటారని అడిగావు.

మన ధర్మగ్రంథం తోరాలో ఈ వారం పఠనం చదువు, అదే, వచ్చే శనివారం ప్రార్థనలో చదవబోయే భాగం. ఏం చేయాలో అందులోనే ఉంది. ముప్పై నాలుగేళ్లు బడిలో తోరా చెప్పినదాన్ని, జవాబు నోటికి అందించే అలవాటు నాకు లేదు.

నీ నానమ్మ,
జ్లాటా

తా.క. ఈ కాగితాన్ని ఎదురింటావిడ ఫోనులో ఫొటో తీసి పంపుతుంది. చదవకుండా ఫొటో తీయడం ఆవిడకు రాదు, అందుకే క్లుప్తంగా రాశాను.


మాంట్రియల్,
జూన్ 22

నూట ఇరవై ఏళ్లు బతకాల్సిన నానమ్మకు నఫ్తాలి వ్రాయునది.

పఠనం చదివి కుర్చీలో కూలబడ్డాను. మీరు కఠినమైన మనిషని తెలుసు గానీ ఇంత అని తెలియదు. మోషే కూషు దేశపు పిల్లను చేసుకున్నాడని అతని అక్క మిర్యాము చాటున మాట్లాడింది. అందుకు దేవుడి శిక్షగా ఆమె ఒంటినిండా తెల్లటి పొడలు వచ్చాయి. ఆమెను ఏడు రోజులు గుడారాల బయట ఉంచారు. అత్త సంగతి అచ్చంగా అదే.

మీ మాట కాదనలేక అత్త పెట్టె సర్ది, ఆవిడను హైవే పక్క హోటల్లో దింపి వచ్చాను. ఏడు రోజులకు. "నన్ను గెంటమన్నది ఎవర్రా?" అంది. "మీ అమ్మ" అన్నాను. నా ముఖం మీదే తలుపు వేసుకుంది. నేను పుట్టాక ఇదే మొదటిసారి.

మీ ఆజ్ఞ తలదాల్చిన,
నఫ్తాలి

తా.క. పొడలేమీ రాలేదు. దగ్గరికొస్తే చెంప పగులుతుందంది, దూరం నుంచే చూశాను.


జెరూసలేం,
జూన్ 26, ఆదివారం

నఫ్తాలికి. ఈసారి దీవెనలు ఆపి ఉంచాను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నా చేతిలో టీ గ్లాసు ఉంది. ఇప్పుడు లేదు. కన్నకూతుర్ని గెంటించిన తల్లినయ్యాను. బ్రైనా ఫోను చేసి, నన్ను "మేడమ్" అని పిలిచి, పెట్టేసింది.

మిర్యాము కథ అంతకుముందు వారానిది. చిన్నప్పుడు సెలవుల్లో పాఠం చెప్పినా నువ్వింతే, ఎప్పుడూ ఒక వారం వెనకే. నేను చదవమన్నది వేగుల కథ. కనాను దేశం చూసి రమ్మని పన్నెండు మందిని పంపితే, పదిమంది హడలిపోయి వచ్చి, అక్కడంతా రాక్షసులే, వాళ్ల ముందు మనం మిడతలం అన్నారు. హడలిపోయి వచ్చినవాళ్ల మాట పట్టించుకోవద్దని దాని అర్థం. నువ్వు నవ్వి ఊరుకోవాల్సింది.

ఇప్పుడైనా ఈ వారం పఠనం చదువు. ఈ వారానిది. బ్రైనాను ఇంటికి ఎలా తెచ్చుకోవాలో అందులో ఉంది.

జ్లాటా

తా.క. ఎదురింటావిడ ఈ ఉత్తరాన్ని మూడుసార్లు ఫొటో తీసింది. మొదటి రెండూ బాగానే వచ్చాయి.


మాంట్రియల్,
జూన్ 30

నూట ఇరవై ఏళ్లు బతకాల్సిన నానమ్మకు,

ఈసారి తేదీ మీద వేలుపెట్టి చూశాను. ఈ వారం పఠనం వేగుల కథే. కాబట్టి వేగులను పంపాను. పన్నెండు మంది దొరకలేదు. సోలికా తమ్ముళ్లు ఇద్దరు ఒప్పుకున్నారు, ఇద్దరూ ఆరున్నర అడుగులు. అత్త ఎలా ఉందో చూసి రమ్మన్నాను. తోరాలో ఉన్నట్టే కర్రకు ద్రాక్షగుత్తి కట్టి ఇద్దరూ భుజాన మోసుకెళ్లారు. అత్త కిటికీ తెర తీసేసరికి పొదల వెనుక ఇద్దరు మనుషులు, ఒక కర్ర. పోలీసులు వచ్చారు. ఏడు రోజులూ అయిపోయాయి. అత్త ఇంటికి రానంటోంది.

నానమ్మా, కోపగించుకోకండి. ఎల్లుండి శనివారం చదవబోయే కథను మీరు పోయిన వారానిది అంటున్నారు. మీకు ఎనభై మూడేళ్లు. మీ వీధి డాక్టరు కెస్లర్‌ను ఒకసారి వచ్చి చూడమని ఫోనులో చెప్పాను.

దిగులుతో,
నఫ్తాలి

తా.క. ద్రాక్షగుత్తిని మాత్రం అత్త వెనక్కి ఇవ్వలేదు.


జెరూసలేం,
జూలై 3, ఆదివారం

నఫ్తాలికి,

పొద్దున డాక్టరు వచ్చాడు. ఇవాళ ఏ రోజని అడిగాడు. నన్ను. ఆదివారం, జూలై మూడు, నిన్న చదివింది మోషే మీద కోరహు తిరుగుబాటు, తొంభై ఐదు వచనాలు అన్నాను. ఇంకేదో అడగబోయి నా ముఖం చూసి ఆగాడు.

ఆయన మాంచెస్టర్‌లో పుట్టినవాడు, బయటి దేశాల లెక్క తెలిసినవాడు. మనవడు ఉండేది మాంట్రియల్‌లో అని నేను అనగానే నవ్వడం మొదలుపెట్టాడు. గడియారం చూశాను, నాలుగు నిమిషాలు ఆపలేదు. పస్కా పండుగ మాకిక్కడ ఏడు రోజులు, బయటి దేశాల్లో ఉన్న మీకు ఎనిమిది. ఈ ఏడాది ఆ ఎనిమిదో రోజు శనివారం పడింది. ఆ రోజు మీరు పండుగ పఠనం చదువుతుంటే మేము వరసలోని మామూలు పఠనం చదివి ముందుకు వెళ్లాం. అప్పటి నుంచి మీరు ఒక వారం వెనక. నీ బద్ధకం కాదు, నా మతిమరుపు కాదు. కానీ ఈ తేడాను బడిలో నల్లబల్ల మీద గీసి నేర్పిందాన్ని నేను. తప్పు నాదే.

నేను చదవమన్న కోరహు కథలో, తనను తిట్టినవాళ్ల గుడారాల దగ్గరికి మోషే తానే లేచి వెళ్లాడు. జీవితంలో మొదటిసారి జవాబు నోటికి అందిస్తున్నాను. హోటలుకు వెళ్లు. తలుపు తట్టు. క్షమించమని అడుగు. నా తరఫున కూడా.

ఆపిన దీవెనలన్నీ కలిపి,
నీ నానమ్మ

తా.క. డాక్టరు నవ్వు విని ఎదురింటావిడ వచ్చింది. ఇప్పుడు వీధి మొత్తానికి తెలుసు.


మాంట్రియల్,
జూలై 5

నానమ్మకు,

వెళ్లాను. గది ఖాళీ. పోలీసుల సంగతి తెలిసి, కొడుకుల తరఫున క్షమాపణ చెప్పడానికి సోలికా తల్లి గిన్నెనిండా వంట పట్టుకుని నాకంటే ముందే వెళ్లిందట. ఆ సాయంత్రమే అత్త వాళ్లింటికి మారిపోయింది. నేను వెళ్లేసరికి వాళ్ల వంటింట్లో కూర్చుని అందరికీ పనులు పురమాయిస్తోంది.

క్షమించమన్నాను. మీ తరఫున కూడా.

"క్షమించాన్రా. పెళ్లికి వస్తాను. కానీ నువ్వు గెంటావు, వీళ్లు రమ్మన్నారు. నేను పిల్లవైపు నిలబడతాను" అంది.

ఆ మాట మార్చుకోదు, మీ కూతురు కదా. అటువైపు నలభై మంది, అత్తతో నలభై ఒకటి. ఇటువైపు నేనొక్కడినే. ఇంకా రెండు వారాలుంది. మీరు వచ్చి నా పక్కన నిలబడాలి. ఇది ఏ పఠనంలోనూ లేదు, నేనే అడుగుతున్నాను.

మీ మనవడు,
నఫ్తాలి

తా.క. ఇక్కడ మీరు శనివారం ప్రార్థనకు వస్తే, అక్కడ విన్న పఠనమే మళ్లీ వినాలి. వచ్చిన వారమే రబ్బీని దిద్దవద్దని అత్త మరీ మరీ చెప్పమంది.