ఊరికే వచ్చిన ఫోను

కామాఠీపురా,
మంగళవారం.

చిరంజీవి శివకు నాయన దుర్గయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ నిన్ను కన్న అవ్వా వేళకు తింటున్నాం, తిరుగుతున్నాం. వర్లీలో అక్క మంగళ, దాని బిడ్డ దర్శన బాగున్నారు. నీ దగ్గు తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. ఈసారి రాయి.

నీ జాబు శనివారం అందింది. పద్నాలుగు నెలల్లో నా పేరు మీద నువ్వు రాసిన మొదటి జాబు ఇదే. పోస్టుమన్ కింద నిలబడి "దుర్గయ్యా, జైల్ సే చిఠ్ఠీ!" అని చాల్‌లో గదులన్నిటికీ వినబడేలా కేక పెట్టాడు. ఇదివరకైతే కిందికి దిగి వాడి కాలరు పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు దిగి, తీసుకుని, పైకి వచ్చాను.

ముందు నువ్వు అడిగినవి చెప్తాను. మీ అవ్వ మోకాలు అలాగే ఉంది. నూనె రాస్తే తగ్గుతుందంటుంది, డాక్టరు దగ్గరికి మాత్రం రాదు. మన చాల్ కొలతలు తీసుకుపోయారు, తలుపుల మీద నంబర్లు వేశారు, మన ఖోలీది నలభై ఒకటి. కొత్త ఇళ్ళు కట్టిస్తామని మా నాయనకూ చెప్పారు, నాకూ చెప్పారు, ఇప్పుడు నీకు చెప్తున్నారు. పక్క ఖోలీ మల్లవ్వ నీకు చెప్పమంది, రోజూ దేవుడి దగ్గర నీ పేరు తలుచుకుంటోందట. దర్శన పదో తరగతికి వచ్చింది. మరాఠీలోనే మాట్లాడుతుంది, నేను తిడితే తెలుగులోకి దిగుతుంది.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. "ఆ మధ్య ఆదివారం ఫోను చేస్తే ఎత్తి పెట్టేశారు. నాకు అర్థమైంది. ఇరవై రెండో తారీఖున కోర్టులో ఒప్పేసుకుంటాను. ఇన్నాళ్ళు లోపల ఉన్నదే శిక్ష కింద లెక్కేసి వదిలేస్తారని ఇక్కడ అందరూ అంటున్నారు. గోదాము సేఠ్ గల్లాపెట్టెలో డెబ్బై వేలు నేనే తీశానని నువ్వెలాగూ నమ్ముతున్నావు కదా నాయనా" అని రాశావు. ఆ చివరి వాక్యం దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. తుడిచినా కనబడలేదు. ఏడ్చాను రా. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆ ఫోను సంగతి మొదటినుంచీ చెప్తాను. తొందరపడకుండా చదువు.

నువ్వు నెట్టూ ఫోనూ కలిపి పెట్టించినప్పుడు నెలకు నాలుగు వందలన్నారు. నువ్వు లోపలికి పోయిన మొదటి నెలకే ఆరు వందల ఎనభై వచ్చింది. తర్వాత తొమ్మిది వందలు. మొన్నటిది పన్నెండు వందల నలభై. తీసి పారేద్దామంటే, నువ్వు జైల్లో రాసిచ్చిన నంబరు అదొక్కటే. బిల్లు నా పేరు మీద ఉంది కాబట్టి అది చెల్లింది. నా చేతిఫోను సిమ్ము పాత కాంట్రాక్టరు పేరు మీద ఉండటంతో దాన్ని వాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని పళ్ళు కొరుక్కుంటూ కడుతూ వచ్చాను. మల్లవ్వ మన ఫోను నుంచి మహబూబ్‌నగర్‌కు మాట్లాడుతోందని అనుమానపడి, నాలుగు రోజులు ఆమె ముఖం మీదే తలుపు వేశాను. ఆమె ఫోను ముట్టనే లేదు పాపం.

చివరికి ఒళ్ళు మండి ఫోను ఆఫీసుకు పోయాను. కౌంటరులో పిల్ల కంప్యూటర్ చూసి చదివింది. భజన పాటలకు డెబ్బై తొమ్మిది. జాతకానికి తొంభై తొమ్మిది. క్రికెట్ ఖబర్లకు ఇంకెంతో. పిల్లల ఇంగ్లీషు పాఠాలకు నూట నలభై తొమ్మిది! ఇవన్నీ ఎవరు అడిగారమ్మా అంటే, "బాబా, మీ ఫోను నుంచే ఒకటి నొక్కి ఒప్పుకున్నారు, తారీఖులతో సహా ఉంది" అని తెర నా వైపు తిప్పింది. గోడలకు గిలాబు చేసి బతికినవాణ్ణి, ఈ వయసులో నాకు ఇంగ్లీషు పాఠాలు! ఆఫీసులో వాళ్ళంతా నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే మీ అవ్వ మీద పడ్డాను.

"ఎవలు నొక్కిన్రే ఒకటి?"

"నేనే నొక్కిన. ఏమైంది?"

"ఏమైందా? నెలకు వెయ్యి మీద గుంజుతున్నరు! నీకేం పనే నొక్కుడు?"

"పోరని ఫోను గూడ గట్లనే వస్తది గదయ్యా. ముందుగాల ఒకామె హిందీల మాట్లాడతది, ఒకటి నొక్కుమంటది. నొక్కకుంటే కట్ అయితది."

"వాంది ఆదివారం వస్తది గద! బుధారం నాడు ఎందుకు నొక్కుతవు?"

"ఇయ్యాల గూడ వానికి ఫోనిచ్చిన్రేమో అనుకున్న."

ఆ మాటకు నా గుండె కరగాలి. కరగలేదు. నోరు పారేసుకున్నాను. "ఇంకోపాలి ఒకటి నొక్కినవంటే ఏలు ఇరుస్త" అన్నాను. నలభై రెండేళ్ళ కాపురంలో ఆమెతో అంత మాట అనడం అదే మొదటిసారి.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం సంగతే నువ్వు అడిగింది. పదకొండుకు రావాల్సిన నీ ఫోను ఆ రోజు తొమ్మిదిన్నరకే వచ్చింది. మామూలుగా నీ ఫోను వేళకు నేను చాయ్ పేరు చెప్పి కిందికి దిగిపోతాను, అది నీకూ తెలుసు. ఆ రోజు ఇంకా దిగలేదు, పేపరు చదువుతున్నాను. మీ అవ్వ ఎత్తింది. విన్నది. వేలు ఒకటి మీద పెట్టి నా వైపు చూసింది.

"గదే తీరున్నదయ్యా, ఒకామె మాట్లాడుతున్నది. నొక్కాల్నా?"

నేను పేపరులోంచి తలెత్తకుండానే "పెట్టెయ్!" అన్నాను. ఆమె పెట్టేసింది.

పదకొండయింది, పన్నెండయింది. మళ్ళీ మోగలేదు. మూడు గంటలప్పుడు అన్నం ముందు కూర్చున్నదల్లా చెయ్యి కడిగేసుకుని, "అది మన శివదేనయ్యా" అన్నది. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. కంచం పెడుతుంది, తీస్తుంది, అంతే. ఐదు ఆదివారాలుగా పొద్దున ఏడింటికే ఫోను ముందు కూర్చుంటోంది. నువ్వు చేయలేదు. మంగళ అంత దూరం వస్తే ములాఖత్‌కు నువ్వు బయటికి కూడా రాలేదట. తప్పు నీది కాదు, నీ అవ్వది అసలే కాదు. నీ ఫోను పెట్టేయించింది నేను.

అక్కడితో అయిపోతే ఈ జాబు ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు.

మొన్న ఆదివారం దర్శన వచ్చింది. ఆ జాతకాలూ భజనలూ అన్నీ తన సెల్లులోంచే తీయించేసింది. తర్వాత నేను దాచిన బిల్లులన్నీ నేల మీద పరిచి ఒక్కో గీతా చదవడం మొదలుపెట్టింది. ఒక దగ్గర ఆగింది.

"తాతా, మామ ఇది ఫుకట్‌ల, ఉత్తగనే పెట్టిచ్చిండు అన్నడు గద?"

"అన్నడు."

"ఫుకట్ నాహీ రే తాతా. బిగించినందుకు ఆరు వేలు, ఇరవై నాలుగు నెలలు కట్టాలె అని రాసిన్రు. నెలకు రెండు వందల యాభై. ఇది పదిహేనోది. నీ తాననే తీసుకుంటున్నరు."

"మరి మామ ఎంత కట్టిండు?"

"ఏక్ రుపయా భీ నాహీ. మొదటి బిల్లుల చూడు, ముందు కట్టింది సున్నా."

ఆ సున్నా మీద వేలు పెట్టి నేనే చూసుకున్నాను. నువ్వు ఆ డబ్బా గోడకు బిగించిన రోజు ఎంతయిందిరా అని అడిగాను. "ఫుకట్ నాయినా, స్కీమ్ ఉన్నది" అన్నావు. మన చాల్‌లోనే ఉండే కిష్టయ్య తన ఖోలీలో పెట్టించుకుంటే ఆరు వేలు ముందే తీసుకున్నారు. అందుకని నేను నీ మాట నమ్మలేదు. నిన్ను మోసం చేసి ఊరికే అన్నారని, ఆ డబ్బు నా దగ్గరే నెలనెలా తెలియకుండా లాగుతున్నారని నాకేం తెలుసు.

ఇప్పుడు ఇంతకాలం దాచిన మాట రాస్తున్నాను. నిన్ను తీసుకుపోయిన మూడో రోజు హవల్దార్ నన్ను పోలీసు చౌకీకి పిలిచాడు. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. ఆ నెలలో కొడుకు కొత్తగా ఏమైనా తెచ్చాడా అని అడిగాడు. నేను చెప్పాను. ఫోను పెట్టించాడు సాబ్, ఆరు వేలది, పైసలు ఎక్కడివంటే ఫుకట్ అంటాడు అని నా నోటితో నేనే చెప్పాను. నాలుగు కాగితాలు మరాఠీలో రాసుకున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, మరాఠీ గడగడా మాట్లాడతాను, కానీ చదవడం రాదు. చదివి వినిపించమని అడగలేదు. దస్తఖత్ చేస్తే పోరగాడు తొందరగా బయటికొస్తాడన్నాడు. నాలుగు కాగితాల మీదా తెలుగులో గుండ్రంగా సంతకం చేసి వచ్చాను. మీ అవ్వకు సంతకు పోయానని అబద్ధం చెప్పాను.

నిన్న ఆ బిల్లులన్నీ పట్టుకుని నీ వకీలమ్మ మనాలి దగ్గరికి పోయాను. ఆమె ఫైలు తీసి ఆ నాలుగు కాగితాలూ చదివింది. "నా కొడుకు చేతిలో సంపాదనకు మించిన డబ్బు ఉండేది. అడిగితే అబద్ధం చెప్పాడు. నాకు వాడి మీదే అనుమానం." ఇదీ నా పేరుతో ఉన్నది. చివరి మాట నేను అనలేదు శివా. కానీ అప్పుడు నా కడుపులో ఉన్నది అదే. నేను అనకపోయినా వాడు సరిగ్గానే రాశాడు.

వకీలమ్మ ఇంకొకటి చెప్పింది. ఆ కాగితాలు నీకు ఇచ్చిన కేసు కాగితాల కట్టలో కూడా ఉన్నాయట, మొదట్లోనే. నీకు మరాఠీ చదవడం వచ్చు. అంటే ఇన్ని నెలలుగా నీకు తెలుసు. ఇన్ని ఆదివారాలు అవ్వతో మాట్లాడావు, "నాయన ఏడి, బాగున్నడా" అని అడిగావు, ఒక్కసారైనా ఆ మాట నోట రానివ్వలేదు. అది విన్నాక నేను ఆమె ఎదురుగా కూర్చోలేకపోయాను. బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆమె నీళ్ళు పంపించింది.

శివా, ఒప్పుకోకు. మీ అవ్వ ఒకటి నొక్కితే, కావాలని అడిగినట్టు రాసుకున్నారు. నేను సంతకం చేస్తే, కొడుకు దొంగ అన్నట్టు రాసుకున్నారు. నువ్వూ అవునన్నావంటే ఇంక దాన్ని తుడిచేవాడు ఉండడు. బయటికొచ్చి ఏం చేస్తావు? ఏ గోదాములో పని ఇస్తారు? ఈ బిల్లుల వల్ల డెబ్బై వేల కేసు కొట్టేస్తారన్న నమ్మకం లేదని వకీలమ్మ కూడా మొహమాటం లేకుండా చెప్పింది. కానీ నీ చేతిలో డబ్బు ఆడిందని చెప్పింది నేనొక్కణ్ణే. గల్లా తాళం ఇంకో ఇద్దరి దగ్గర కూడా ఉండేదట, వాళ్ళని ఎవరూ అడగలేదు. నన్ను సాక్షిగా పిలిచినప్పుడు ఆ కాగితం చదవకుండా సంతకం చేశానని, ఆరు వేల మాట తప్పని జడ్జి ముందు చెప్తాను. అడ్డదిడ్డంగా అడుగుతారు, నన్నే అబద్ధాలకోరంటారని ఆమె హెచ్చరించింది. అననీ. ఇన్నాళ్ళూ కొడుకును అంటుంటే విన్నాను కదా, నా వంతు కూడా వింటాను. ఇరవై రెండున పదిహేను బిల్లులూ పట్టుకుని కోర్టులో ఉంటాను. అంతకుముందు ఆదివారం ఒక్కసారి ఫోను చేయి. నేను కిందికి పోను.

ఈ జాబు మొదటినుంచి ఇక్కడి దాకా మీ అవ్వకు చదివి వినిపించాను. చౌకీ సంగతి ఆమె వినడం ఇదే మొదటిసారి. అరవలేదు, ఏడవలేదు. "ఇంకేమన్న ఉన్నదా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. లేచి చాపా దుప్పటీ చుట్టి చంకన పెట్టుకుంది. మల్లవ్వ ఖోలీకి పోతూ గడప దగ్గర ఆగి, "ఐతారం ఫోను కాడికి వస్త. నీ కాడికి గాదు" అన్నది.

ఇట్లు,
ఆ రోజు నీ మాట నమ్మని నీ నాయన,
దుర్గయ్య.