డాక్టరు గదిలో నీ పక్క కుర్చీ

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు నిద్ర పట్టడం లేదని బాపు నయాపూల్ దగ్గర కౌన్సెలింగ్ చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె మొదటి మాటే, "బాపూ, మీరు బయట కూసోండ్రి. ఈ పిల్ల చెప్పేది నాతోనే ఉంటది."

"నా బిడ్డకు నా ముంగట దాపరికమేంది?" అని బాపు లొల్లి చేశాడు. ఆమె తలుపు చూపించింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు పోకముందు నిన్ను చూసిన డాక్టరు ఈ మాట ఎందుకనలేదు? ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నేనని నన్ను నీ పక్కన కూర్చోబెట్టారు. నువ్వు రెండుసార్లు నోరు తెరిచావు. "అక్కకు సరిగ్గ చెప్పరాదు సార్, నేను చెప్త" అన్నాను. అతను నా మాటలే రాసుకున్నాడు.

ఆ రోజు నన్ను బయటికి పొమ్మని ఉంటే, ఆ రెండుసార్లు నువ్వేం చెప్పబోయావో ఒక్కరికైనా తెలిసేది.