రొట్టెల పొయ్యిలో ఆకుపచ్చ మంట

సెప్టెంబర్ 2

ఇవాళ వీధి పొయ్యిలో రొట్టెల వంతు మాది. దుంగలు ఎంతకీ అంటుకోవు. ఫ్యాక్టరీ మురుగు చెరువు కట్ట కింద, ఊట నీళ్ళలో వేసవంతా నానిన కర్ర మరి. పక్కింటి గులిజార్‌కు ఓపిక తక్కువ. చేతులకు రాసుకునే కొలోన్ సీసా తెచ్చి గుమ్మరించింది. భగ్గుమంది. మంట ఆకుపచ్చగా లేచింది!

మా మామగారు రుస్తుం చేతులెత్తి దువా చదివారు. కొండ మీద ఎల్మా బాబా సమాధికి కప్పే చద్దరు రంగే కదర్రా ఇది, బాబా మన పొయ్యిలోకి వచ్చాడర్రా అని ఏడ్చేశారు.

నేను మాత్రం ఆ మంటను గుర్తుపట్టాను. బోరాన్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో సీసాలు కడిగేది నేనే. కాలేజీ పిల్లలు వస్తే ఇంజనీర్ బోరిక్ యాసిడ్‌ను స్పిరిట్‌లో కలిపి అంటించి చూపిస్తాడు. అచ్చం ఇదే మంట. కొలోన్‌లో ఉండేదీ స్పిరిటే. అంటే చెరువులోని బోరాన్ కట్టలోంచి కారి కర్రకు పట్టింది.

సెప్టెంబర్ 3

వెహ్బీతో చెప్పాను. మా ఆయన పని ఆ కట్ట మీదే, చెరువు నీళ్ళు ఫ్యాక్టరీకి వెనక్కి తోడే పంపుల దగ్గర. నాకు తెలియదా అన్నాడు. కట్ట అడుగున తెల్లటి పొర కడుతోందని పైవాళ్ళకు ఎప్పుడో చెప్పాడట. కొత్త చెరువు పూర్తయ్యేదాకా మురుగు ఇందులోకే వదలమన్నారట. ఊళ్ళో నోరు జారితే ఉద్యోగం ఊడుతుంది, నువ్వూ నోరు మూసుకో అన్నాడు.

మూసుకోను. ఆ కట్ట కింద ఉన్నది మా వీధే కదా!

సెప్టెంబర్ 5

చిక్కుడాకుల అంచులు మాడిపోయాయి. ఊట నీళ్ళు పెట్టినకొద్దీ మాడుతున్నాయి. మామగారు ఎండ అంటారు.

సెప్టెంబర్ 8

మామగారికి అంతా విప్పి చెప్పాను. అది బాబా కాదు, బోరాన్ అన్నాను. సీసాలు కడిగి కడిగి మా కోడలు ప్రొఫెసరైపోయిందర్రా అని వీధంతా వినేలా నవ్వారు. గులిజార్ అయితే, నీ కళ్ళు పోతాయే నెజాహత్, తప్పైందని తౌబా చెప్పు అని నా మీదికొచ్చింది.

బాబా వచ్చాడని శుక్రవారం పొయ్యి దగ్గరే పొట్టేలును కోస్తారట. మాంసం, గోధుమలు కలిపి కెష్కెక్ వండి ఊరందరికీ పెడతారట. పిల్లాపాపలంతా సరిగ్గా కట్ట కిందే కూర్చుని తింటారు.

సెప్టెంబర్ 10

ఊట నీళ్ళు నిన్నటిదాకా తేటగా ఉండేవి. ఇవాళ మట్టిరంగు. లోపల కట్టే కరుగుతోందేమో అన్నాడు వెహ్బీ. వెంటనే పైవాళ్ళకు ఫోన్ చేశాడు. అంకారా నుంచి వచ్చే వారం మనుషులొచ్చి చూస్తారట.

సెప్టెంబర్ 12, ఉదయం

అబద్ధం ఆడాను.

మామగారు లేవగానే, ఎల్మా బాబా కల్లో కనిపించాడని చెప్పాను. నన్ను కొండ మీద ఒంటరిగా వదిలేసి మీరు కింద కూర్చుని తింటారా, డేగిసాలు నా దగ్గరికి మోసుకురండి అన్నాడన్నాను. ముసలాయన నా చెయ్యి కళ్ళకద్దుకున్నారు. నిజం చెబితే వెక్కిరించిన మనిషి! కాసేపట్లో వీధంతా పాకింది. గులిజార్ నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

సాయంత్రం

వెహ్బీనీ కొండకు రమ్మన్నాను. పంపులు ఆపి వస్తే చెరువు ఇంకా నిండుతుంది, నువ్వు అందర్నీ పైకి తీసుకుపో, చాలు అన్నాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను. వింటేనా?

సెప్టెంబర్ 13, శుక్రవారం

నమాజ్ అయి, పళ్ళాల్లో వడ్డిస్తుండగా కట్ట తెగింది. కొండ మీంచి చూశాం. పొయ్యి, ఇళ్ళు, తోటలు, అన్నీ తెల్లటి బురద కిందకి పోయాయి. వీధిలో ఒక్క ప్రాణి లేదు, అందరూ పైనే ఉన్నారు. వరసకట్టి నా చేతులు ముద్దు పెట్టుకుంటున్నారు. వదలండర్రా అని అరిచాను. కట్ట మీద పంపుల షెడ్డు కనిపించడం లేదు.

సెప్టెంబర్ 15

వెహ్బీ ఇంకా దొరకలేదు. ఎక్కడ తవ్వాలో తెలియక మనుషులు ఆగిపోయారు. మామగారు నా మంచం దగ్గరే కూర్చున్నారు. పడుకో తల్లీ అంటున్నారు. పడుకుని, నా కొడుకు ఎక్కడున్నాడో కల్లో బాబాను అడుగు.