పదిహేడు మీటర్ల ఇల్లు

మే 6, సోమవారం

కోడలు మళ్లీ మొదలుపెట్టింది. టైల్స్. పద్మ నోరు తెరిస్తే టైల్స్, మూస్తే బీడీలు.

"మామా, ఈసారి వానలు పడకముందే ఏపియ్యాలె."

"ఏపిద్దం బిడ్డా. నీ నోట్లె గుడ నాలుగు ఏపిద్దం. మాటలు ఇంక జర్రున జారుతయి."

బీడీల చేట ఎత్తింది. కొట్టలేదు. ఆకులు ఒలికిపోతాయని.

కొడుకు శ్రీనివాసు అన్నం కలుపుతూ — "బాపూ, నువ్వు ఖాళీగనే ఉంటవు గద. ఇల్లు కొలిచి, ఎంతయితదో దుకాణంల కనుక్కొని రా."

ఖాళీగానట. నలభై ఏళ్లు సాంచాల, అదే మరమగ్గాల, మధ్య నిలబడి గుడ్డ నేసినవాడు ఇప్పుడు కూర్చుంటే ఖాళీ.

సరే అన్నాను. ఎందుకన్నానో రేపు రాస్తాను. ఇవాళ రాయబుద్ధి కావడం లేదు.

మే 7, మంగళవారం

రాస్తున్నాను. ఈ కాగితానికి తప్ప ఎవరికీ చెప్పను.

నాకు కింద కనబడదు. పక్కలా కనబడదు. ఎదురుగా మాత్రం అన్నీ కనబడతాయి — పేపరు చదువుతాను, ఎదుటివాడి మీసంలో మెతుకు పట్టేస్తాను. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నూలు అయిపోయిన కండె బొక్కలోంచి లోకాన్ని చూసినట్టు. బొక్క చిన్నదవుతోంది.

నా కాళ్లు నాకు కనబడక ఏడాది.

ఇంట్లో తిరగడమా? బండలు. నా పెళ్లాం నర్సవ్వ కాపురానికి వచ్చిన ఏడాది పరిపించిన షాబాదు బండలు. మంచం దిగితే పగిలినది. తర్వాత పల్లంగా ఉన్నది. తర్వాత వెడల్పు సందు — అక్కడ ఎడమకు తిరిగితే బాత్రూం, కుడికి తిరిగితే వంటిల్లు. గోడ వెంట తిన్నగా పోతే పదకొండు బండలు, ఆ తర్వాత గడప. అరికాలే చెబుతుంది అంతా. వాకిలి దాటితే గొడుగు. ఎండలోనూ గొడుగే, మడిచే ఉంటుంది. "వాన అచ్చేదాక మోస్తవా తాతా" అని వాడకట్టంతా నవ్వుతుంది. నవ్వనీ.

టైల్స్ వేస్తే? ఇల్లంతా ఒకటే నునుపు. పళ్లెంలో వేసిన గోలీని నేను.

జగిత్యాలలో మా బిడ్డ సుజాత ఇంట్లో తెలిసింది ఆ సంగతి. తెల్లటి టైల్స్. మెట్టు ఎక్కడుందో కాలికి తెలియలేదు. పడ్డాను. అందరికీ మాత్రం ఇట్లా చెప్పాను — "సుజాత ఇంట్ల డాన్సు చేసిన, సూడనోళ్లు నష్టపోయిన్రు."

ఉన్న మాట చెప్పేస్తే? సుజాత అప్పుడే అంది — "నీకేమన్న అయితే నా కాడికే రా బాపూ. ఒక్క రూముల కూసుంటె సాలు, అన్నీ నేనే తెచ్చిస్త." మంచి మనసుతోనే అంది. ఒక్క రూములో కూసుంటే చాలట.

చెబితే ఆ రూము. చెప్పకపోతే ఈ టైల్స్.

అందుకే సరే అన్నాను. కొలిచేది నేనే, కనుక్కునేది నేనే. శ్రీనివాసు గుండె ఆగేంత అంచనా తెస్తే సరి.

మే 9, గురువారం

కోరుట్ల పోయి వచ్చాను. "సిరిసిల్లల దోచుకుంటరు, కోరుట్లల సస్తా" అని ఇంట్లో చెప్పాను. వేములవాడలో బస్సు మారి.

మొదట కళ్ల డాక్టరు. కోరుట్లలో మనల్ని ఎవరు గుర్తుపడతారు?

నీటికాసులు అన్నాడు, కంటి నరం ఎండిపోయే జబ్బట. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి, చుక్కలు ఒక్కపూట ఆపొద్దు. "మళ్ల అచ్చేటప్పుడు ఇంటోళ్లను తోలుకరా" అన్నాడు.

"ఇంటోళ్ల కండ్లు మంచిగనే ఉన్నయి డాక్టరు సాబ్."

నవ్వలేదు. చదువుకున్నవాళ్లకు నవ్వు ఆలస్యం.

చుక్కల సీసా నా తమలపాకుల డబ్బాలో దాచాను. సున్నం పక్కన. చెయ్యి తప్పితే కథ కంచికే.

తర్వాత టైల్స్ దుకాణం. ఒక పిల్ల కంప్యూటరు ముందు కూర్చుంది. "మస్తు పిరమున్నయి చూపియ్యి బిడ్డా, నా కొడుకు శానా ఉన్నోడు" అన్నాను. ఇల్లెంత అంది. కొలిచి పెట్టుకున్నదే — ముందు గది ఐదు, నడిమి గది ఐదు, వసారా నాలుగు, వంటిల్లు మూడు. "పదిహేడు మీటర్లు" అన్నాను దర్జాగా.

టకటక కొట్టింది. టైల్స్, సిమెంటు, ఇసుక, మేస్త్రి కూలి, అన్నీ కలిపి ఇరవై రెండు వేలు.

"గింతేనా!" నోరు జారింది.

"గంతే తాతా. చిన్న ఇల్లు గద."

చిన్న ఇల్లా? మా ఇంట్లో మూడు పెళ్లిళ్లయ్యాయి! కాగితం చింపేద్దామనుకున్నాను. అప్పటికే శ్రీనివాసు ఫోనుకు పంపేసింది. నంబరు అడిగితే నేనే చెప్పాను కదా, పెద్ద తెలివిగా.

మే 10, శుక్రవారం

శ్రీనివాసు పొద్దున్నే బయానా పంపించాడు. ఫోను మీద బొటనవేలు అటూ ఇటూ — అయిపోయింది.

"ఉత్త ఇరవై రెండేనా? ఇన్నేండ్లు ఎందుకు బయపడ్డమే!" అని పద్మతో.

పద్మ రంగు ఎంచింది. తెలుపు. మెరిసేది.

"మంచిదే. ఇంక అద్దం కర్సు లేదు. వంగి బొట్టు పెట్టుకో" అన్నాను. ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు చూసి పదేళ్లయింది.

మే 12, ఆదివారం

చెప్పులు వెతుకుతున్నాను. అఖిల వచ్చి కాలితో నా ముందుకు తోసింది. ఏమీ అనలేదు. డిగ్రీ చదివే పిల్ల, రోజూ నాతో పోట్లాడే మనవరాలు — ఏమీ అనకపోవడమేంటి?

మే 14, మంగళవారం

రాజం మేస్త్రి వచ్చాడు, సామాను ఎంత దింపాలో చూసుకుందామని. టేపు తీశాడు. పొడుగు కొలిచాడు. మళ్లీ అడ్డం కొలిచాడు. నేను వాకిట్లో కూర్చుని — "ఒక్కసారి కొలిస్తె సమజ్ గాదా మేస్త్రీ?"

లోపల టేపు చుట్టుకున్న చప్పుడు. తర్వాత శ్రీనివాసు గొంతు.

"బాపూ! నువ్వు ఇల్లు కొల్చినవా, చీర కొల్చినవా?"

అప్పుడు వెలిగింది. నేను పొడుగులే కలిపాను. గుడ్డకు అంతే కదా! ఎన్ని మీటర్లు నేశావని అడుగుతారు కానీ వెడల్పు ఎవడడుగుతాడు? వెడల్పు సాంచాదే, అది మారదు. నలభై ఏళ్లు మీటర్ల లెక్కనే కూలి. ఇంటికి అడ్డం కూడా ఉంటుందని ఈ బుర్రకు తట్టలేదు. దుకాణం పిల్ల నా పదిహేడును నేల మొత్తం అనుకుంది.

ఇప్పుడు అసలు లెక్క డెబ్బై రెండు వేలు. పాత బండలు పగలగొట్టి మోయడంతో కలిపి.

శ్రీనివాసు తల పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. సాయంత్రానికి వాడకట్టంతా తెలిసింది. టీ కొట్టు దగ్గర — "పెద్దయ్యా, నీ ఇల్లు ఎన్ని మీటర్లు? ఫాలు కుట్టిచ్చినవా?"

ఎంతైనా నవ్వుకోనీ. నా ఆనందం నాది. డెబ్బై రెండు! టైల్స్ అటకెక్కినట్టే. వస్తూ వస్తూ మిర్చిబజ్జీ కట్టించుకొచ్చాను. పద్మ తినలేదు.

మే 15, బుధవారం

మధ్యాహ్నం. నేను, పద్మ. ఆమె బీడీలు చుడుతోంది. నేను ఊరికే ఉండలేక — "ఏం బిడ్డా, డెబ్బై రెండు వేలు పెట్టి జారి పడుడు అవసరమా? మనయి బండలు, అరగవు, విరగవు."

చేతులు ఆగాయి. కుడిచేతి వేళ్లు నా మొహం ముందు పెట్టింది.

"సూడు మామా. పోయిన వానకాలం తేలు కుట్టింది ఇదే సందుల నుంచి. వారం దినాలు ఏలు ముడవరాలె. బీడీ లేదు, కూలి లేదు. పొద్దంత నేల మీద కూసునేది నేనొక్కదాన్నే ఈ ఇంట్ల. మీరందరు నడుస్తరు, పోతరు."

నేనేదో అనబోయాను.

"ఇరవై ఏండ్లల ఇంటికి ఒక్కటి అడిగిన్నా నేను? చీర అడిగిన్నా? నా చిట్టీ అస్తది ఈ నెల. నేనే ఏపిస్త. మీ కొడుకును పైస అడుగ."

నా తమలపాకుల డబ్బా తెరిచి, మళ్లీ మూశాను.

ఆమె కూర్చునేది ఆ సందుల మీద. నేను నడిచేది ఆ సందుల వల్ల.

మే 16

చుక్కలు వేసుకున్నాను. కండె బొక్క అంతే ఉంది. పెద్దది కాలేదు.

మే 17, శుక్రవారం

రాజం మేస్త్రి మళ్లీ. బండల మీద కర్రతో కొట్టి వింటున్నాడు — ఎక్కడ బోలు, ఎక్కడ గట్టి. ఇంట్లో మేమిద్దరమే. నేను బాత్రూం నుంచి గోడ వెంట నా దారిన నేను వస్తున్నాను. ఆరో బండ మీద అతని తాపీల బకెట్టు. నాకేం తెలుసు? తన్నాను. గోడ పట్టుకుని ఆగాను.

"ఏంది మేస్త్రీ, బకెట్టును నా మీదికి ఉసిగొల్పినవా?"

నవ్వలేదు. కర్ర పక్కన పెట్టాడు.

"కాకా, నీకు కిందికి సూపు లేదు గద?"

"ఎవడన్నడు? ఆడ కేలండర్ల తిథి సదవమంటవా?"

"కేలండర్ గోడకున్నది. బకెట్టు నేల మీదున్నది." మెల్లగా అన్నాడు. "నేల పరిచేటోన్ని కాకా. మంది కాళ్లు సూసే బతుకుత. పచ్చి సిమెంటు మీద ఎవడు అడుగేస్తడా అని. నువ్వు అడుగెయ్యవు. ముందుగాల బొటనేలుతోని తడుముతవు."

కూర్చున్నాను. అరికాళ్ల కింద ఎండ పడిన బండ, వెచ్చగా.

అతనే అన్నాడు. "ఒక పని చేస్త. గోడ పొంటి, నీ మంచం కాన్నుంచి గడప దాక ఒక్క వరస పాత బండలే ఉంచుత. లేపి, సందులు పూడ్చి, మళ్ల పరుస్త. తేలుకు జాగ ఉండది. టైల్సు, బండలు ఒక్క ఎత్తుకు తెస్త, ఎవ్వలకు తట్టుకోదు. నీ కాలికి మాత్రం గరుకు తెలుస్తది."

"బాత్రూం మలుపు కాడ?"

"ఆడ ఒక బండ అడ్డం ఏస్త."

ఇట్లాంటి ఆలోచన నాకు రాలేదు. పొడుగులు కొలవడం తప్ప నాకేం వస్తుంది?

"ఎంతయితది?"

"కూలి ఇంకో నాలుగు వేలు. అంచనా కాగితంల రాస్త. గని కాకా, ఎందుకని అడిగితె నువ్వే చెప్పుకో. నేను చెప్ప, అబద్దమాడ."

మే 18, శనివారం

సాకు దొరికింది. నర్సవ్వ గుర్తు అని చెబుతాను. "మీ నాయినమ్మ నడిచిన బండలు" అంటే ఎవరు కాదంటారు? శ్రీనివాసు కళ్లు తుడుచుకుంటాడు కూడా.

నర్సవ్వ ఈ బండలను రోజూ తిట్టేది. గరుకు, మురికి, మడిమలు పగులుతాయని. నున్నటి నేల కావాలని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. నేను రేపు రేపన్నాను. ఇప్పుడు ఆ తల్లి పేరే అడ్డం పెట్టుకోవాలి.

అన్నట్టు, ఈ డైరీలో చెయ్యి పేపరు భాషే రాస్తుంది. పేపరు చూసి నేర్చుకున్న రాత కదా. నోరు మాత్రం నాదే. రేపు ఆ నోటితోనే పని.

మే 19, ఆదివారం

మేస్త్రి కాగితం పంపాడు, రేపటి నుంచే పని. శ్రీనివాసు, పద్మ చిట్టీ సంగతికి పోయారు. అఖిల మంచం పక్కన నిలబడి చదువుతోంది, గట్టిగా.

"టైల్స్... సిమెంటు... పాత బండలు తీసుడు... గోడ పొంటి పాత బండలు ఒక వరస, తిరిగి పరుచుడు." ఆగింది. "ఇదేంది తాతా?"

"మీ నాయినమ్మ నడిచిన బండలు బిడ్డా. గుర్తుకు."

గొంతు కూడా వణికించాను. బాగా వచ్చింది.

అఖిల కాగితం మడిచింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం కనబడుతోంది, చిన్నప్పటి పుట్టుమచ్చతో సహా.

"తాతా, నా మొఖమే సూడు. తల వంచకు."

"ఫొటో దిగుతున్నమా?"

"నా చెయ్యి ఏడున్నదో చెప్పు."

కండె బొక్కలో పిల్ల మొహం ఒక్కటే. దాని కింద ఏమీ లేదు. చీకటి కూడా కాదు, ఏమీ లేదు.

"ఏ చెయ్యి?" అన్నాను.

నవ్వలేదు. నా ప్రతి మాటకూ నవ్వే పిల్ల. చాలాసేపటికి నా మోకాలి మీద ఏదో వెచ్చగా తగిలింది. దాని చెయ్యే. ఎప్పటి నుంచి అక్కడ గాలిలో పట్టుకుని ఉందో.

"రేపే బండలు లేపుతరు తాతా. డాడీ వాళ్లు ఐదింటికి అస్తరు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

కాగితం తన దగ్గరే పెట్టుకుని వసారాలో కూర్చుంది. నేను మంచం మీద ఇది రాస్తున్నాను. కాళ్ల కింద పగిలిన బండ. చల్లగా ఉంది.

నాలుగున్నర అయింది. గేటు చప్పుడు — మాదో, పక్కింటిదో.